మూత్రంలో రక్తం ఆగిపోయింది, ఇక సీటీ ఎందుకు?

ప్రశ్న: మాది ఇచ్ఛాపురం దగ్గర ఒక పల్లె. మా నాన్నగారికి 62 ఏళ్లు. వయసులో ఉన్నప్పుడు ఆరేడేళ్లు సూరత్‌లో బట్టల అద్దకం పనిచేసి, తరువాత ఊరికి తిరిగివచ్చి కొబ్బరితోట చూసుకుంటున్నారు. బీడీ అలవాటు మొదటినుంచీ ఉంది. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. మూడు నెలల క్రితం ఒకరోజు ఒంటికి వెళితే ఎర్రగా వచ్చింది. నొప్పి, మంట ఏమీ లేవు. వేడి చేసిందనుకొని కొబ్బరినీళ్లు, బార్లీ తాగించాం. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు యాంటీబయాటిక్ ఇచ్చారు. రెండు రోజుల్లో తగ్గిపోయింది. పోయిన నెల మళ్లీ వచ్చి, మళ్లీ ఆగింది. ఈసారి పలాసలో అల్ట్రాసౌండ్ తీయిస్తే మూత్రాశయం ఎడమ గోడ మీద 23 మిల్లీమీటర్ల పెరుగుదల ఉందని, దానిలో రక్తప్రసరణ కనిపిస్తోందని, ఎడమ కిడ్నీ కొద్దిగా వాచిందని రాశారు. కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ 1.6 ఉంది. విశాఖలో యూరాలజిస్టు ముందు సీటీ యూరోగ్రామ్ తీయించుకొని రమ్మన్నారు, ఆ తరువాత సిస్టోస్కోపీ (మూత్రం వచ్చే దారిలోనుంచి పరికరం పంపి మూత్రాశయం లోపల కంటితో చూడడం) చేసి గడ్డను తీస్తామన్నారు. మా ప్రాంతంలో కిడ్నీ జబ్బుల సంగతి మీకు తెలిసిందే. సీటీకి ఎక్కించే మందుతో ఉన్న కిడ్నీ కూడా పోతుందని బంధువులు భయపెడుతున్నారు. అల్ట్రాసౌండ్‌లో కనిపించాక మళ్లీ సీటీ ఎందుకు? పెట్ స్కాన్ ఒక్కటి తీయిస్తే అన్నీ తెలిసిపోవా? కత్తి పెడితే పాకుతుందంటారు, నిజమేనా? ఇది కచ్చితంగా క్యాన్సరేనా? నాన్నగారికి చెప్పాలా? నాకూ తమ్ముడికీ వస్తుందా?

సమాధానం: అమ్మా, మీ ప్రశ్నలన్నింటికీ వరుసగా వస్తాను. దానికంటే ముందు చెప్పవలసింది ఒకటుంది. మీ యూరాలజిస్టు చెప్పిన వరుస సరైనది, దానిని ఈ వారంలోనే మొదలుపెట్టండి. రక్తం ఆగిపోయిందన్న ధైర్యంతో మూడోసారి వచ్చేదాకా చూద్దామని మాత్రం అనుకోకండి.

మూత్రాశయంలోని కణితి మీద రక్తనాళాలు పలచగా, తేలికగా చిట్లిపోయేలా ఉంటాయి. ఒకటి చిట్లినప్పుడు మూత్రం ఎర్రగా వస్తుంది, అది పూడుకోగానే మళ్లీ మామూలు రంగుకు వస్తుంది. నెలల తరబడి అసలు కనిపించకుండా కూడా ఉండవచ్చు. అలా తనంతట తాను ఆగే రోజులలోనే యాంటీబయాటిక్ పడితే, మందుతో తగ్గిందనే నమ్మకం ఏర్పడుతుంది. మీ ఇంట్లో జరిగింది ఇదే, దీనికి మిమ్మల్ని తప్పుపట్టవలసిన పని లేదు. పెద్ద పట్టణాల్లోనూ చదువుకున్న కుటుంబాల్లోనూ ఇలాగే జరుగుతోంది. ఆడవాళ్ల విషయంలో ఆలస్యం ఇంకా ఎక్కువ, ఎందుకంటే యూరిన్ ఇన్‌ఫెక్షన్ అనో నెలసరి తేడా అనో అనుకొని కోర్సు మీద కోర్సు మందులు మింగించేస్తుంటారు. బీట్‌రూట్ తిన్నా, టీబీకి వాడే రిఫాంపిసిన్ వేసుకున్నా మూత్రం ఎరుపో నారింజరంగో తిరగడం నిజమే గాని, అటువంటి కారణం ఏదీ లేకుండా, నొప్పి లేకుండా, కంటికి కనిపించేంత రక్తం నడివయసు దాటిన మనిషికి ఒక్కసారి వచ్చినా సరే, మూత్రాశయం లోపలా పైన కిడ్నీల దాకా పూర్తిగా చూడవలసిందే. గుండెకోసం రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నవారు కూడా ఆ మాత్రల వల్లనే వచ్చిందని సరిపెట్టుకోకూడదు. ఇలా రక్తం కనిపించి యూరాలజీ విభాగానికి వచ్చే పెద్దవాళ్లలో సుమారు పదిమందికి ఒకరిద్దరిలో మూత్రాశయ క్యాన్సర్ బయటపడుతుంది. మిగిలినవారిలో రాళ్లు, ప్రోస్టేట్ వాపు, ఇన్‌ఫెక్షన్ వంటివి ఉంటాయి. కొందరిలో ఏ కారణమూ దొరకదు.

ఇది కచ్చితంగా క్యాన్సరేనా అన్నారు. స్కాన్లు చదివే డాక్టరుగా నేను చెప్పగలిగేది ఇంతవరకే: అల్ట్రాసౌండ్ ఒక ఆకారాన్ని, దాని కొలతను, అది ఉన్న చోటును చెబుతుంది, దానికి పేరు పెట్టేది మాత్రం ముక్కను సూక్ష్మదర్శిని కింద చూసే పాథాలజిస్టు. మూత్రాశయంలో గడ్డలా కనిపించేవన్నీ కణితులు కావు. గడ్డకట్టిన రక్తం అడుగున చేరి అచ్చం కణితిలా కనిపించవచ్చు. ప్రోస్టేట్ మధ్యభాగం పైకి పెరిగి మూత్రాశయంలోకి తోసుకువచ్చినా అలాగే అనిపించవచ్చు. అందుకే అనుమానం వచ్చినప్పుడు మనిషిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి మళ్లీ చూస్తాం. గడ్డకట్టిన రక్తమైతే మూత్రంలో జారి కిందికి దిగుతుంది, కణితి అయితే గోడను వదలదు. ఆపైన డాప్లర్ పెట్టి లోపల రక్తం ప్రవహిస్తోందా అని చూస్తాం. గడ్డకట్టిన రక్తంలో ప్రవాహం ఉండదు. మీరు రాసిన రిపోర్టు ప్రకారం పెరుగుదల గోడను అంటిపెట్టుకొని ఉంది, దానిలో ప్రసరణ కూడా ఉంది. కాబట్టి ఇది కణితి అయ్యే అవకాశమే ఎక్కువ, పెద్దవారి మూత్రాశయంలో పుట్టే కణితులలో అధికభాగం క్యాన్సర్ జాతివే. ఈ మాట కఠినంగా ఉన్నా దాచి ప్రయోజనం లేదు. అయితే దీనికి వెనువెంటనే చెప్పవలసిన మాట ఇంకొకటి ఉంది. మూత్రాశయ క్యాన్సర్ బయటపడిన ప్రతి నలుగురిలో సుమారు ముగ్గురికి అది లోపలి పొరలకే పరిమితమై, కింద ఉన్న కండరంలోకి దిగకుండా ఉంటుంది. అటువంటివారిలో మూత్రాశయాన్ని ఉంచుకొనే వైద్యం చేయగలుగుతారు.

అల్ట్రాసౌండ్ ఉన్నాక సీటీ దేనికి అన్న ప్రశ్న చాలామంది అడుగుతారు, దీనికి కొంచెం వివరంగా జవాబు చెబుతాను. కిడ్నీ లోపల మూత్రం చేరే గిన్నె దగ్గర మొదలై, అక్కడినుంచి కిందికి దిగే మూత్రనాళాలు, మూత్రాశయం, ఇంకా కింది దారిలో కొంతవరకు లోపలంతా ఒకే జాతి పొర పరుచుకొని ఉంటుంది. నాలుగు గదుల గోడలకూ ఒకే రోజు ఒకే సున్నం వేసిన ఇంట్లో ఒక గదిలో పెచ్చు లేచిందంటే మిగతా గదులు కూడా చూసుకుంటాం గదా, ఇదీ అంతే. పొగాకులోని విషాలు మూత్రంలో కలిసి ఆ పొర పొడవునా ప్రవహిస్తాయి. మూత్రాశయంలో గంటల తరబడి నిలవ ఉండడం వల్ల అక్కడే కణితులు ఎక్కువ పుడతాయి గాని, నూటికి కొద్దిమందిలో పైన మూత్రనాళంలోనో కిడ్నీ గిన్నెలోనో రెండో కణితి అదే సమయంలో ఉంటుంది. మూత్రనాళపు నడిభాగం పేగుల వెనక, వాటిలోని గాలి చాటున ఉంటుంది కాబట్టి అల్ట్రాసౌండ్‌కు దాదాపుగా దొరకదు. మీ నాన్నగారికి ఎడమ కిడ్నీ వాచిందని రాశారు. ఆ వాపు అంటే కిడ్నీ కండ ఉబ్బడం కాదు, కిందికి దిగవలసిన మూత్రం దిగక వెనక్కు నిలబడి గిన్నె సాగిందని అర్థం. దిగకపోవడానికి కారణం మూత్రాశయంలోని కణితి ఎడమ నాళం నోటిని మూయడం కావచ్చు, ఆ చోట కణితి గోడ లోతుకు దిగి ఉండడం కావచ్చు, నాళంలోనే ఇంకొక కణితో రాయో ఉండడమూ కావచ్చు. ఈ మూడింటికీ వైద్యం మూడు రకాలుగా ఉంటుంది. అల్ట్రాసౌండ్ వీటిని విడదీసి చెప్పలేదు.

పూర్వం దీనికి ఐవీపీ తీసేవారు. నరంలోకి అయోడిన్ మందు ఎక్కించి, అది మూత్రంలోకి దిగుతుండగా ఎక్స్‌రేలు తీయడమే ఆ పద్ధతి. 1929లో జర్మనీలో మోజెస్ స్విక్ అనే యువ వైద్యుడు యూరోసెలెక్టాన్ అనే మందుతో దీన్ని వాడుకలోకి తెచ్చాక, డెబ్బై ఏళ్లకు పైగా మూత్రవ్యవస్థను చూడడానికి అదే ప్రధానమైన దారిగా ఉండేది. సీటీ యూరోగ్రామ్ ఆ ఆలోచనకే నేటి రూపం. బల్లమీద పడుకున్నాక ముందుగా మందు లేకుండా ఒక విడత తీస్తారు, రాళ్లు ఉంటే దానిలో తెలుస్తాయి. తరువాత చేతి నరంలోకి మందు పంపుతారు. ఒళ్లంతా ఒక్కసారి వేడెక్కినట్టు, నోట్లో ఇనుము రుచి తగిలినట్టు, తెలియకుండా మూత్రం పడిపోయిందేమో అన్నట్టు అనిపిస్తుంది. అది మందు స్వభావమే, నిజంగా ఏమీ పడిపోదు. ఈ సంగతి నాన్నగారికి ముందే చెప్పండి, లేకపోతే కంగారుపడి కదిలిపోతారు. ఒకటిన్నర నిమిషం దగ్గర కిడ్నీల కండ, మూత్రాశయం గోడ బాగా వెలిగినప్పుడు రెండో విడత, ఎనిమిది పది నిమిషాల తరువాత మందు మూత్రంలోకి దిగి నాళాలు తెల్లని గీతల్లా నిండినప్పుడు మూడో విడత తీస్తారు. ఆ తెల్లదనంలో ఎక్కడైనా ఖాళీ మిగిలితే అక్కడ ఏదో అడ్డం ఉందని గుర్తుపడతాం. అదే స్కాన్‌లో పొట్టలోని లింఫ్ గ్రంథులు, కాలేయం, ఎముకలు కూడా కనిపిస్తాయి. మూడు విడతలు కాబట్టి రేడియేషన్ మామూలు సీటీ కన్నా ఎక్కువే. ముప్ఫై ఏళ్ల మనిషికి మూత్రపరీక్షలో నాలుగు ఎర్రకణాలు కనిపించినంత మాత్రాన నేను దీన్ని సూచించను. 62 ఏళ్ల వయసులో, బీడీ అలవాటుతో, కళ్లెదుట కణితి పెట్టుకొని ఆ రేడియేషన్‌కు వెనకాడడంలో అర్థం లేదు.

సీటీని గడ్డ తీయకముందే తీయించుకోవడంలో కూడా ఒక కిటుకుంది. ఆపరేషన్‌లో గోడను గీకిన చోట కొన్ని వారాలపాటు వాపు ఉంటుంది. చుట్టూ ఉన్న కొవ్వులోనూ మార్పులు వస్తాయి. ఆ సమయంలో స్కాన్ తీస్తే మిగిలిన కణితి ఏదో, ఆపరేషన్ తాలూకు వాపు ఏదో తేల్చడం మాకు కష్టమవుతుంది. డబ్బులు కలిసివస్తాయని ముందు గడ్డ తీయించుకొని ఆనక స్కాన్‌కు వచ్చేవారు ఉన్నారు. అప్పుడు మేము రాసే రిపోర్టులో 'అయి ఉండవచ్చు'లే ఎక్కువ ఉంటాయి.

ఇక క్రియాటినిన్ సంగతి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మీ ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు ఏ మండలానికి వెళ్లినా బీపీ ఎంత అని అడిగినట్టే క్రియాటినిన్ ఎంత అని అడుగుతారు. ఆ భయం ఎన్ని ఇళ్ల అనుభవం నుంచి వచ్చిందో నాకు తెలుసు, కాబట్టి మీ బంధువుల మాటను కొట్టిపారేయను. అయితే అంకెను చూసి మాట్లాడాలి. 62 ఏళ్ల మగవారికి క్రియాటినిన్ 1.6 అంటే కిడ్నీ వడపోత శక్తిని చెప్పే ఈజీఎఫ్ఆర్ సుమారు 48 వస్తుంది. తగ్గిన మాట నిజమే. సీటీ మందు వల్ల కిడ్నీకి దెబ్బ తగులుతుందనే భయం ముఖ్యంగా 30 కంటే తక్కువ ఉన్నవారి విషయంలోనూ, అప్పటికప్పుడు కిడ్నీ పనితీరు పడిపోతున్నవారి విషయంలోనూ పెట్టుకోవలసినది. 48 దగ్గర నిలకడగా ఉన్నవారికి తగినంత నీరు అందేలా చూసి మందు ఎక్కించడం మామూలుగా జరిగే పనే. మీరు చేయవలసింది ఏమిటంటే, స్కాన్‌కు ఒకటి రెండు రోజుల ముందు క్రియాటినిన్ మళ్లీ చేయించండి, ఎందుకంటే ఎడమవైపు అడ్డం ఉన్నప్పుడు అది మారుతూ ఉండవచ్చు. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు ఈ రోజులలో అసలు వేయకండి, కిడ్నీకి హాని చేయడంలో అవి సీటీ మందుకు ఏమాత్రం తీసిపోవు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, కిడ్నీ పనితీరు తగ్గినవారు వాటిని మంచినీళ్ల బదులు తాగకూడదు. తోట ఇంటిదే కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను. మెట్‌ఫార్మిన్ నేరుగా కిడ్నీని పాడుచేయదు, కిడ్నీ మొరాయించినప్పుడు ఒంట్లో పేరుకుపోవడమే దానితో చిక్కు. ఈజీఎఫ్ఆర్ 30 కంటే పైన నిలకడగా ఉంటే ఆపనక్కరలేదని అమెరికా రేడియాలజీ కళాశాల మార్గదర్శకాలు చెబుతున్నాయి. మన దగ్గర చాలా స్కాన్ సెంటర్లు జాగ్రత్తకోసం 48 గంటలు ఆపమంటాయి. రెండు రోజులు ఆపినందువల్ల నష్టమేమీ లేదు గాని, డాక్టరు చెప్పకుండా మీరే ఆపవద్దు. రొయ్యలు, చేపలు పడకపోతే సీటీ మందు పడదన్న మాట మాత్రం అపోహ. ఇదివరకు ఇటువంటి మందు ఎక్కించినప్పుడు దద్దుర్లో ఆయాసమో వచ్చి ఉంటే మాత్రం తప్పకుండా చెప్పాలి.

ఒకవేళ మళ్లీ చేయించిన క్రియాటినిన్ బాగా పెరిగి ఉంటే దారులు మూసుకుపోయినట్టు కాదు. మందు లేకుండానే సీటీ తీసి, సిస్టోస్కోపీ చేసే బల్లమీదనే సన్నని గొట్టంతో కింది నుంచి మూత్రనాళంలోకి మందు పంపి ఎక్స్‌రే తీయవచ్చు. దీనిని రెట్రోగ్రేడ్ పైలోగ్రామ్ అంటారు. ఆ మందు రక్తంలోకి దాదాపుగా వెళ్లదు కాబట్టి కిడ్నీకి దాదాపు ప్రమాదం ఉండదు. ఎమ్మారై యూరోగ్రామ్ ఇంకొక దారి. అసలు మూత్రాశయం గోడలో కణితి కండరాన్ని తాకిందా లేదా అన్న ఒక్క ప్రశ్నకు సీటీ కన్నా ఎమ్మారై మెరుగ్గా జవాబు చెబుతుంది. 2018లో విరాడ్స్ అనే ఒకటి నుంచి అయిదు దాకా అంకెల పద్ధతి వచ్చాక ఆ జవాబును అందరూ ఒకే భాషలో రాయగలుగుతున్నారు. మీ యూరాలజిస్టుకు లోతు మీద అనుమానం ఉంటే గడ్డ తీయకముందే ఎమ్మారై కూడా అడగవచ్చు. అప్పుడు అనవసరం అనుకోకండి.

పెట్ స్కాన్‌కు వస్తే, దానిలో వాడే చక్కెర జాతి మందు మూత్రంలోనే బయటికి పోతుంది. దానివల్ల మూత్రాశయం మొత్తం దీపం పెట్టినట్టు వెలిగిపోయి, గోడమీది కణితి ఆ వెలుగులో మరుగున పడిపోతుంది. కండరంలోకి దిగిన క్యాన్సర్ ఒంట్లో ఇంకెక్కడికైనా వెళ్లిందా అని చూడడానికి పెట్ కొందరికి ఉపయోగపడుతుంది, మొదటి పరీక్షగా మాత్రం కాదు. అన్నింటికంటే ఖరీదైన స్కానే అన్నీ చెబుతుందనే నమ్మకం ఈ మధ్య మనవాళ్లలో బాగా పెరిగింది. డబ్బు ఖర్చుపెట్టాక కూడా సిస్టోస్కోపీ తప్పదని తెలిసి నిరాశపడతారు.

సిస్టోస్కోపీ తప్పకపోవడానికి కారణం సులువైనదే. ఎంత మంచి స్కాన్ అయినా కొద్ది మిల్లీమీటర్ల కణితులను, గోడమీద ఎర్రని మచ్చలా మాత్రమే ఉండి పైకి లేవని ఒక రకం క్యాన్సర్‌ను వదిలేయవచ్చు. ఈ రెండో రకం పలచగా కనిపించినా దూకుడు ఎక్కువైనది. కన్ను పెట్టి చూసినప్పుడే అది దొరుకుతుంది. మూత్రంలో రాలిన కణాలను చూసే సైటాలజీ దీనిలో కొంత సాయం చేస్తుంది, నెమ్మదైన రకం కణితులను మాత్రం తరచు పట్టుకోలేదు. కాబట్టి సైటాలజీలో ఏమీ లేదని వస్తే నిశ్చింతగా ఉండిపోకూడదు.

కత్తి పెడితే పాకుతుందన్న మాట మన పల్లెల్లో ఎన్ని ప్రాణాలకు చేటు తెచ్చిందో లెక్కలేదు. మీ నాన్నగారికి చేయబోయే ఆపరేషన్‌లో పొట్టమీద కోత ఉండదు. నడుముకు మత్తు ఇచ్చి, మూత్రం వచ్చే దారిలోనుంచే పరికరం పంపి, కరెంటుతో వేడెక్కే తీగ ఉచ్చుతో గడ్డను పొరలు పొరలుగా గీకి తీస్తారు. దీనిని టీయూఆర్‌బీటీ అంటారు. ఇది పరీక్షా, చికిత్సా రెండూనూ. తీసిన ముక్కలో కణితితో పాటు దాని అడుగున ఉన్న కండరం కూడా కొంత ఉండి తీరాలి. కండరం లేని ముక్కను చూసి పాథాలజిస్టు లోతు చెప్పలేరు. రిపోర్టు చేతికి రాగానే మీరు యూరాలజిస్టును రెండు ప్రశ్నలు అడగండి: ముక్కలో కండరం ఉందా, ఉంటే దానిలోకి జబ్బు దిగిందా? రెండో ప్రశ్న కన్నా మొదటిది ముఖ్యం. కండరం లేకపోయినా, జబ్బు లోపలి పొర దాటి దాని కింది పొరలోకి చేరినా, రెండు నుంచి ఆరు వారాలలోపు అదే చోట మళ్లీ గీకి చూస్తారు. మొదటిసారి సరిగా తీయలేదని అప్పుడు పోట్లాటకు దిగకండి, అది నియమమే.

జబ్బు పైపొరలకే పరిమితమైతే, గడ్డ తీసిన 24 గంటలలోపు మైటోమైసిన్ వంటి మందును ఒకసారి మూత్రాశయంలో నింపి ఉంచడం కొందరికి చేస్తారు. దూకుడు ఎక్కువ ఉన్న రకమైతే బీసీజీ ఎక్కిస్తారు. పసిపిల్లలకు టీబీ రాకుండా వేసే బీసీజీనే ఇది. 1976లో కెనడాలో అల్వారో మొరాలెస్ బృందం దీని ఫలితాలను ప్రచురించినప్పటి నుంచి ఇంతకన్నా మంచి మందు దొరకలేదంటే అతిశయోక్తి కాదు. వారానికి ఒకటి చొప్పున ఆరు వారాలు, ఆ తరువాత ఏడాది నుంచి మూడేళ్ల దాకా విడతలుగా కొనసాగిస్తారు. సన్నని గొట్టంతో మూత్రాశయంలోకి పంపి రెండు గంటలు ఆపుకోమంటారు. ఇది సజీవమైన బాక్టీరియా కాబట్టి ఆ రోజు ఇంట్లో మరుగుదొడ్డిలో బ్లీచింగ్ వేసి శుభ్రం చేయాలి, జ్వరం విడవకుండా ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

కిడ్నీ వాపు ఉన్నప్పుడు జబ్బు కండరంలోకి దిగి ఉండే అవకాశం కొంత ఎక్కువ. దీనికి కూడా మనసును సిద్ధం చేసుకోమని చెప్పడం నా బాధ్యత. అలా దిగి ఉంటే ముందు కీమోథెరపీ ఇచ్చి, మూత్రాశయాన్ని తీసివేసి, పేగు ముక్కతో మూత్రానికి కొత్త దారి ఏర్పాటు చేయడం ఒక పద్ధతి. తగినవారికి గడ్డను పూర్తిగా గీకి, కీమోతో పాటు రేడియేషన్ ఇచ్చి మూత్రాశయాన్ని కాపాడడం ఇంకో పద్ధతి. ఏ కీమో ఇవ్వాలన్నది కూడా కిడ్నీ పనితీరు మీద ఆధారపడుతుంది. ప్రధానమైన మందు సిస్‌ప్లాటిన్ కిడ్నీకి బరువు కాబట్టి, అడ్డుపడిన ఎడమ కిడ్నీకి గొట్టం వేసి మూత్రం దింపి, దాని పనితీరు కొంతైనా కోలుకున్నాక మొదలుపెట్టడం జరుగుతుంది. కండరంలోకి దిగిన జబ్బుకు ఆపరేషన్ నిర్ణయించాక మూడు నెలలకు మించి జాగు చేసినవారిలో ఫలితాలు దెబ్బతిన్నాయి. ఇప్పటికే మొదటి రక్తానికి మూడు నెలలు గడిచాయన్నది గుర్తుంచుకోండి. విశాఖలో అగనంపూడి దగ్గరున్న హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి టాటా మెమోరియల్ ఆధ్వర్యంలో నడుస్తోంది. ఖర్చుల విషయంలో, మీ కార్డుకు ఏ చికిత్స వర్తిస్తుందో నెట్‌వర్క్ ఆసుపత్రిలో కూర్చునే ఆరోగ్యమిత్రను ఆపరేషన్‌కు ముందే అడగండి. డబ్బు కట్టేశాక అడిగితే ఉపయోగం ఉండదు.

సూరత్ సంగతి మీరు మామూలుగా రాసేశారు గాని, యూరాలజిస్టుకు అది చెప్పారో లేదో నాకు అనుమానమే. తప్పకుండా చెప్పండి. 1895లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో లుడ్విగ్ రేన్ అనే శస్త్రవైద్యుడు ఎర్రరంగు తయారుచేసే కర్మాగారంలోని పనివాళ్లకు మూత్రాశయ కణితులు వస్తున్నాయని గమనించి చెప్పాడు. ఆ తరువాత బెంజిడిన్ వంటి రసాయనాలు దీనికి కారణమని తేలింది. ఈ జబ్బు ఆ పని మానేసిన ఎన్నో ఏళ్లకు కూడా బయటపడవచ్చు. అయినా ఇవాళ అన్నింటికంటే పెద్ద కారణం పొగాకే. 2022లో ప్రపంచం మొత్తం మీద సుమారు 6 లక్షల 14 వేలమందికి కొత్తగా మూత్రాశయ క్యాన్సర్ బయటపడింది. ఈ జబ్బు వచ్చినవారిలో దాదాపు సగం మందికి మూలం పొగ తాగడమేనని అంచనా. సిగరెట్టుకు, బీడీకి, చుట్టకు ఈ విషయంలో తేడా వెతకనక్కరలేదు. జబ్బు వచ్చాక మానేసి ఏం లాభం అని నాన్నగారు అనవచ్చు. గడ్డ తీశాక కూడా పొగ కొనసాగించేవారిలో అది మళ్లీ మొలిచే అవకాశం ఎక్కువ, ఆపరేషన్ మత్తుకు ఊపిరితిత్తులు తట్టుకోవడానికి కూడా మానడం అవసరం.

నాన్నగారికి చెప్పాలా అంటే, చెప్పాలి. ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టవలసింది ఆయన, గొట్టం వేసినప్పుడు రెండు గంటలు ఆపుకోవలసింది ఆయన, మూడు నెలలకు మొదటి సిస్టోస్కోపీకి, ఆపైన ఏళ్ల తరబడి పరీక్షలకు వెళ్లవలసింది కూడా ఆయనే. ఈ జబ్బు మళ్లీ మళ్లీ మొలిచే స్వభావం ఉన్నది. విషయం తెలియని మనిషి బాగానే ఉన్నాను గదా అని రెండో ఏడాదికే రావడం మానేస్తాడు. ఇవాళే క్యాన్సర్ అనే మాట వాడవలసిన పని లేదు, ఎందుకంటే ముక్క పరీక్ష కాకుండా ఎవరికీ నిర్ధారణగా తెలియదు. "మూత్రాశయంలో గడ్డ ఉంది నాన్నా, రక్తం దానివల్లనే వస్తోంది, తీసి పరీక్షకు పంపుతారు, అది ఏమిటో అప్పుడు డాక్టరుగారు నీకే చెబుతారు" అని నిజమే చెప్పండి. ఆయన అడిగిన దానికి జవాబు చెప్పండి, అడగనిది తొందరపడి చెప్పకండి.

మీకూ తమ్ముడికీ వస్తుందేమోనన్న భయం చాలావరకు అక్కరలేదు, మూత్రాశయ క్యాన్సర్ ఎక్కువగా వంశంలో దిగేది కాదు. సీటీలో కణితి కిడ్నీ గిన్నెలోనో మూత్రనాళంలోనో కూడా కనిపించి, ఇంట్లో ఇంకెవరికైనా చిన్నవయసులోనే పెద్దపేగు క్యాన్సర్‌గాని గర్భాశయ క్యాన్సర్‌గాని వచ్చి ఉంటే మాత్రం ఆ సంగతి డాక్టరుకు చెప్పండి, దానికి వేరే జన్యుపరీక్ష ఉంది. ఏ ఇబ్బందీ లేకుండా మీరిద్దరూ స్కాన్లు తీయించుకోవలసిన పని లేదు. తమ్ముడికి కూడా బీడీయో సిగరెట్టో ఉంటే నాన్నగారితో పాటే మానిపించండి. సీటీకి వెళ్లేటప్పుడు పలాస అల్ట్రాసౌండ్ ఫిల్ములు, పాత క్రియాటినిన్ కాగితాలన్నీ తీసుకువెళ్లండి. తిరిగివచ్చేటప్పుడు రిపోర్టుతో పాటు సీడీ కూడా అడిగి తీసుకోండి. ఫోనులో తీసిన ఫిల్ము ఫొటోలు చూసి యూరాలజిస్టు మూత్రనాళం నోరు ఎక్కడుందో పోల్చుకోలేరు.